కార్వర్‌ను సదివించినోళ్లు ఎందరు?

పల్లికాయల సైంటిస్టు జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మనల శానమంది వినే ఉంటరు. బానిస తల్లికి పుట్టిండు, అనాథగ పెరిగిండు, అయినా పెద్ద శాస్త్రవేత్త అయిండు, కాబట్టి కష్టపడితె ఎవరైనా ఎదుగొచ్చు అని ఆయన కథను చెప్తుంటరు. అమ్మానాయన లేని పిల్లలకైతె ఈ కథను మందు లెక్క పోస్తరు. విన్న పిల్లలు తలకాయ ఊపుతరు. పద్దెనిమిదేండ్లు నిండినంక ఏడికి పోవాలె, కాలేజీ ఫీజు ఎవరు కడ్తరు అన్న సంగతి మాత్రం ఆ కథల ఉండదు.

నాకు కార్వర్ మీద పేచీ లేదు, ఆ కథ చెప్పే తీరు మీదనే పేచీ. ఆయన కష్టపడ్డది నిజం, తెలివిగల్లోడన్నదీ నిజం. కానీ ఆయన బతుకును మొదటి నుంచి చివరి దాంక వరుసగ సూస్తె ఇంకో సంగతి కండ్ల పడ్తది. ఆ మనిషి కాలేజీ గడప తొక్కి, డిగ్రీ పట్టుకొని బయటికొచ్చే దాంక ఒక్కో మలుపు కాడ ఒక్కో ఇల్లు తలుపు తీసింది. అవి తీయకపోతె ఆయన కష్టం బట్టలుతుకుడు కాడనే ఆగిపోవు. నేను చెప్పాలనుకున్నది ఆ తలుపుల కథ.

తల్లి పోయె, బిడ్డ మిగిలె

కార్వర్ అమెరికాల మిస్సోరి రాష్ట్రంల, డైమండ్ అనే పల్లె పక్కన ఒక పొలంల పుట్టిండు. 1864 ప్రాంతం అంటరు గానీ తేదీ ఎవ్వలకు తెల్వదు. బానిసల పిల్లల పుట్టుక ఎవరు రాసిపెడ్తరు? తల్లి పేరు మేరీ. ఆమెను మోజెస్ కార్వర్ అనే తెల్ల రైతు 1855ల 700 డాలర్లు పెట్టి కొన్నడు. తండ్రి పక్క పొలంల బానిస. పిలగాడు నాయన మొఖం ఎరుగకముందే ఆయన ఏదో ప్రమాదంల సచ్చిపోయిండంటరు.

అవి అక్కడ అంతర్యుద్ధం రోజులు. ఒక రాత్రి దోపిడి ముఠా ఆ పొలం మీద పడి, మేరీని, సంకల ఉన్న బిడ్డను ఎత్తుకపోయింది. మోజెస్ వాళ్లను వెతకనీకి ఒక మనిషిని తోలిండు. బిడ్డ దొరికిండు, తల్లి దొరకలే. ఆమె ఏమైందో ఇప్పటికీ ఎవ్వలకు తెల్వదు. బిడ్డను తెచ్చినాయనకు మోజెస్ ఒక గుర్రం ఇచ్చిండు. కోరింత దగ్గుతోని పానం మీదికొచ్చిన ఆ పసిబిడ్డే జార్జ్.

బానిసత్వం రద్దయినంక మోజెస్, ఆయన ఇల్లాలు సూసన్ కలిసి జార్జ్‌ను, ఆయన అన్న జిమ్‌ను తమ ఇంట్లనే పెంచిన్రు. తల్లిని కొన్నదీ ఆ ఇల్లే, బిడ్డలను సాకిందీ ఆ ఇల్లే. ఈ రెండూ నిజాలే, ఒకదాన్ని అడ్డం పెట్టి ఇంకోదాన్ని దాచొద్దు. కన్నోళ్ల దగ్గర ఉండలేని పిల్లలను వేరే ఇంట్ల పెట్టి పెంచుడును ఇయ్యాల ఫోస్టర్ కేర్ అంటున్నరు. అప్పుడు ఆ పేరు లేదు, దానికి కాయిదం లేదు, ఆఫీసర్ లేడు. ఆ ఆలుమొగలు ఉంచుకోవాలనుకున్నరు, ఉంచుకున్నరు, గంతే.

జార్జ్ బక్కపానం పిలగాడు, బరువు పనులు చాతగాకపోవు. అన్న పొలం పనికి పోతె జార్జ్ సూసన్‌తోని ఇంట్ల ఉండేది. వంట, బట్టలుతుకుడు, కుట్లు అల్లికలు ఆమె దగ్గరనే నేర్సిండు. అచ్చరాలు గూడ ఆమెనే దిద్దిచ్చింది. ఆడోళ్ల పని అని పక్కకు పెట్టే ఆ ఉతుకుడు పనే తర్వాత ఆయన కాలేజీ ఖర్చును మోసింది. అందుకే కాలేజీకి తయారు చేసుడంటె ఎంట్రెన్స్ కోచింగ్ ఒక్కటే కాదంటున్న. బయట ఒంటరిగ బతకనీకి చేతికి ఒక పని వచ్చుడు గూడ తయారీలో భాగమే.

కంచె దూకితె బడి

డైమండ్‌ల బడి ఉన్నది గానీ నల్ల పిల్లలకు లేదు. పన్నెండేండ్లు గూడ సరిగ నిండకముందే జార్జ్ ఒక్కడే నడుసుకుంట నియోషో అనే పట్నం పోయిండు. ఆడ నల్ల పిల్లలకు ఒక బడి ఉండె. మొదటి రాత్రి ఒక కొట్టంల పండుకున్నడు. ఆ కొట్టం మరియా, ఆండ్రూ వాట్కిన్స్ అనే నల్ల ఆలుమొగలది. మరియా మంత్రసాని పని చేసేది, ఊరోళ్ల బట్టలుతికేది. పొద్దుగాల పిలగాన్ని సూసి బువ్వ పెట్టి, ఇంట్లనే ఉండమన్నది. బడి ఆ ఇంటి పక్కనే. ఇంటర్వెల్ కాంగనే పిలగాడు కంచె దూకి ఇంటికొచ్చి బట్టలుతుకుడుల చెయ్యేసి, మళ్ల కంచె దూకి బడికి పోయేది.

అప్పటి దాంక వాన్ని కార్వరోళ్ల జార్జ్ అనేటోళ్లు. అంటె ఫలానావాళ్ల సొత్తు అన్నట్టు. ఇగ మీదట నీ పేరు జార్జ్ కార్వర్ అని మరియా దిద్దింది. సదివి, ఆ సదువును మన జాతోళ్లకు తెచ్చియ్యాలని గూడ చెప్పింది. పేరు అన్నది చిన్న సంగతి కాదు. ఆధార్‌ల ఒక పేరు, బడి రికార్డుల ఇంకో పేరు ఉన్నోనికి, తండ్రి పేరు కాలమ్ ఖాళీగ ఉన్నోనికి ఆ బరువు తెలుస్తది.

ఆ తర్వాత కాన్సస్ రాష్ట్రం. 1879ల ఫోర్ట్ స్కాట్ అనే ఊర్ల ఒక నల్ల మనిషిని తెల్లోళ్ల గుంపు కొట్టి సంపుడు కండ్లార సూసిండు. ఆ ఊరు ఇడిసి వెళ్లిపోయిండు. సేమూర్ అనే ఇంకో నల్ల కుటుంబం చేరదీసింది. వాళ్లతోనే ఊరు మారి, మినియాపొలిస్ అనే చిన్న పట్నంల హైస్కూల్ సదువు పూర్తి చేసిండు. 1883ల అన్న జిమ్ అమ్మవారు పోసి సచ్చిపోయిండు. రక్తం పంచుకున్నోళ్లు ఇగ ఎవ్వలూ మిగలలే.

రమ్మన్న కాలేజీనే పొమ్మన్నది

1885ల హైలాండ్ కాలేజీకి దరఖాస్తు పెట్టిండు. సీటు ఇచ్చినమని ఉత్తరం వచ్చింది. సంబురంగ పోయిండు. మనిషి మొఖం సూసినంక నల్లోళ్లకు సీటు లేదన్నరు. కూడబెట్టుకున్న పైసలు ఆ ప్రయాణానికే అయిపాయె.

నన్ను ఎక్కువగ ఆలోచనల పడేసింది ఈ ఘట్టమే. తల్లిదండ్రులున్న పిల్లకు సీటు పోతె ఇంటికొస్తది. ఏడుస్తది, తింటది, పండుకుంటది, మళ్లేడు ఇంకో కాలేజీకి పెడ్తది. తిరిగి పోనీకి ఇల్లే లేని పిల్లకు ఒక్క దెబ్బ తగిలితె సదువు ఏండ్లకేండ్లు ఎనుకకు పోతది. కార్వర్‌కు అయిదేండ్లు పోయినయి. కాన్సస్ పడమటి దిక్కు నెస్ కౌంటీల సర్కారు ఇచ్చే బంజరు భూమి తీస్కొని, మట్టిగడ్డలతోని ఇల్లు కట్టుకొని ఎవుసం చేసిండు. ఆ భూమి మీద బ్యాంకుల 300 డాలర్ల అప్పు గూడ తీసిండు. ఎండలు, మంచు తుఫాన్లు తట్టుకోలేక అది గూడ ఇడిసిపెట్టిండు. కాలేజీ సంగతి మనసుల నుంచి దాదాపు పోయినట్టే.

చివరికి అయోవా రాష్ట్రం వింటర్‌సెట్‌ల ఒక హోటల్ల వంటమనిషిగ చేరిండు. చర్చిల ఆయన పాట విని మిల్‌హోలాండ్ అనే డాక్టర్ కుటుంబం ఇంటికి పిలిచింది. ఆ ఆలుమొగలు తెల్లోళ్లు. ఇండియనోలా పట్నంల సింప్సన్ కాలేజీ నల్లోళ్లను గూడ తీసుకుంటదని చెప్పి, వద్దన్నా ఇడువకుంట ఎంటపడి మరీ పంపిచ్చిన్రు. ఒక్కసారి పొమ్మన్నంక మళ్ల దరఖాస్తు పెట్టనీకి మనిషికి ధైర్యం రాదు. ఆ ధైర్యం ఆయనకు ఇంకొకళ్ల ఇంట్ల దొరికింది.

ఉతికిన బట్టలే ఫీజు

1890ల సింప్సన్‌ల చేరిండు. అప్పటికి ఆయనకు 26 ఏండ్లు ఉంటయి. ఫీజు కట్టినంక చేతుల మిగిలినవి పది సెంట్లేనంటరు. దాంతోని మక్కపిండి, గొడ్డుకొవ్వు కొనుక్కొని వారం ఎల్లదీసిండంటరు. వాడకట్టు పిల్లల బట్టలుతికి సంపాదించుడు మొదలుపెట్టిండు. ఆ గదిల కుర్చీ గూడ లేదని తెలిసి తోటి పిల్లలు, ఊరోళ్లు కలిసి, ఆయన ఇంట్ల లేని ఏళ సూసి బల్ల, కుర్చీలు తెచ్చి పెట్టిన్రు. దానం అని చేతిల పెడితె చిన్నబోతడని ఎరిగి చేసిన పని అది. సాయం చేసుడు ఎట్లనో మనం వాళ్ల దగ్గర నేర్సుకోవాలె.

ఆడ బొమ్మలేసుడు నేర్సేది. ఎట్టా బడ్ అనే డ్రాయింగ్ టీచరమ్మ ఆయన ఏసిన చెట్ల బొమ్మలు సూసి, ఈ పిలగానికి చెట్ల సదువైతె అన్నం పెడ్తదని అర్థం చేసుకున్నది. ఆమె నాయన ఏమ్స్ పట్నంల అయోవా వ్యవసాయ కాలేజీల తోటల పెంపకం ప్రొఫెసర్. 1891ల ఆమె మాట మీద కార్వర్ అక్కడికి మారిండు.

సీటు దొరికింది, బువ్వ కాడ అవమానం మొదలైంది. తెల్ల పిల్లల పక్కన కూసొని తిననియ్యలే, కింది అంతస్తుల పనోళ్లతోని తినమన్నరు. సంగతి తెలిసి ఇండియనోలా నుంచి లిస్టన్ అనే ఆమె మంచి బట్టలు కట్టుకొని రైలెక్కి వచ్చి, ఆయనతోని కాలేజీ అంత తిరిగి, ఆయన కూసున్న కాడనే కూసొని తిన్నది. అప్పటి నుంచి ఆయన బతుకు ఆడ కొంచెం తేలికయింది. పండుకోనీకి జాగ లేకపోతె జేమ్స్ విల్సన్ అనే ప్రొఫెసర్ తన ఆఫీసు గదే ఇచ్చిండు. కార్వర్ టేబుళ్ల కాడ వడ్డించిండు, గదులు ఊడ్చిండు, మొక్కల షెడ్డుల పని చేసిండు. 1894ల డిగ్రీ, 1896ల పీజీ పట్టుకున్నడు. ఆ కాలేజీల మొదటి నల్ల విద్యార్థి, మొదటి నల్ల సారు ఆయననే.

ఇగ లెక్కవెట్టున్రి. కార్వర్ కుటుంబం, వాట్కిన్స్, సేమూర్, మిల్‌హోలాండ్, బడ్, లిస్టన్, విల్సన్. ఏడు తలుపులు. ఒకరు అచ్చరాలిచ్చిన్రు, ఒకరు పేరిచ్చిన్రు, ఒకరు నీడనిచ్చిన్రు, ఒకరు ధైర్యమిచ్చిన్రు, ఒకరు దారి సూపిన్రు, ఒకరు పక్కన కూసున్నరు, ఒకరు గది తాళంచెవి ఇచ్చిన్రు. మామూలు ఇంట్ల ఈ ఏడు పనులు అమ్మానాయనలే చేస్తరు. చేస్తున్నరన్న సోయి గూడ పిల్లలకు ఉండదు.

తీసుకున్నది తిరిగిచ్చిండు

1896ల బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామా రాష్ట్రం టస్కీగీకి పోయిండు. అది నల్ల పిల్లల సదువు కోసం 1881ల మొదలైన సంస్థ. పైసలు లేని పిల్లలు పగలు ఇటుకలు కాల్చి, బిల్డింగులు కట్టి, పొద్దూకినంక సదువుకునేటోళ్లు. బట్టలుతికి సదివిన సారుకు ఆ పిల్లల తిప్పలు ఒకరు చెప్పాల్సిన పని లేకపాయె. సచ్చిపోయే దాంక, 47 ఏండ్లు ఆడనే ఉన్నడు.

పత్తి మీద పత్తి ఏసి అక్కడి భూములు గుల్లయినయి. పైకెళ్లి పత్తి కాయను తొలిసే పురుగు వచ్చి పడ్డది. పల్లి, అలసంద ఏస్తె భూమికి మళ్ల బలమొస్తదని కార్వర్ రైతులకు చెప్పిండు. 1906 నుంచి గుర్రపు బండి మీద పనిముట్లు ఏస్కొని టస్కీగీ సంస్థనే ఊర్లకు పోయింది. 1916ల పల్లి సాగు మీద, దాంతోని చేసుకునే 105 రకాల వంటల మీద చిన్న పుస్తకం అచ్చేసిండు. పీనట్ బటర్ ఆయన కనిపెట్టిండనే మాట మాత్రం నిజం కాదు. పాలమూరు చెల్కలల్ల పల్లి ఏసేటోళ్లకు, వరంగల్, ఆదిలాబాద్‌ల పత్తితోని మునిగినోళ్లకు ఆయన పని విలువ నేను ఇడమరిసి చెప్పేదేముంది?

పెండ్లి చేసుకోలే. సదివి బయటికి పోయిన పిల్లలతోని జీవితకాలం ఉత్తరాలు నడిపిండు, వాళ్లను కన్నపిల్లల లెక్కనే సూసుకున్నడు. కూడబెట్టిన సుమారు 60 వేల డాలర్లు తన తర్వాత పరిశోధన ఆగొద్దని టస్కీగీల పెట్టిన ఫౌండేషన్‌కే ఇచ్చిండు. 1943 జనవరి 5న కన్నుమూసిండు. పుట్టిన తేదీ ఎవ్వలూ రాసిపెట్టని మనిషి పోయిన తేదీ మాత్రం ప్రపంచమంత రాసుకున్నది.

అమెరికా ఏం చేసింది, మనం ఏం చేస్తున్నం

కార్వర్‌కు ఏడు తలుపులు దొరికినయంటె అది ఆయన అదృష్టం. అదృష్టం మీద ఆధారపడే దాన్ని హక్కు అనలేం. ఈ సంగతి అమెరికాకు గూడ శాన లేటుగ తట్టింది. ఫోస్టర్ కేర్ నుంచి బయటికొచ్చే పిల్లల కోసం 1999ల ఛేఫీ చట్టం వచ్చింది. తర్వాత సదువు వోచర్లు పెట్టిన్రు, ఏడాదికి 5 వేల డాలర్ల దాంక. 2018ల మార్పు చేసి 26 ఏండ్ల వయసు దాంక, మొత్తం అయిదేండ్లకు మించకుంట ఇయ్యొచ్చన్నరు. పదమూడేండ్లు నిండినంక ఫోస్టర్ కేర్‌ల ఉన్న పిల్లలు కాలేజీ సాయం ఫారం నింపేటప్పుడు తల్లిదండ్రుల ఆదాయం చూపే పని లేదు. టెక్సాస్ లాంటి రాష్ట్రాలల్ల సర్కారు కాలేజీల వీళ్లకు ఫీజు మాఫీ ఉన్నది. కాలిఫోర్నియాల ఫుల్లర్టన్ యూనివర్సిటీ 1998ల గార్డియన్ స్కాలర్స్ అనే పథకం మొదలుపెట్టింది. ఫీజుతోనే ఆగకుంట, క్యాంపస్‌ల ఈ పిల్లల మంచిచెడు అడిగే మనుషులను గూడ పెట్టింది. సెలవులకు హాస్టల్ మూస్తె అందరు ఇంటికి పోతరు, వీళ్లు ఏడికి పోతరు అన్న సోయి అట్లాంటి పథకాలతోనే వచ్చింది.

అయినా ఒక్క లెక్క సూడున్రి. కార్వర్ మొదటి ఏడు కాలేజీల చేరేనాటికే ఆయనకు 26 ఏండ్లు. ఇయ్యాల్టి అమెరికా వోచర్ ఆయన చేరిన ఏడే ఒడిసిపోతుండె.

మన దగ్గర అంతకన్నా ముందే ఒడుస్తది. 2015 బాలల న్యాయ చట్టం కింద పద్దెనిమిదేండ్లు నిండితె బాలసదనం నుంచి బయటికి రావాలె. ఆ తర్వాత ఆసరా ఇయ్యాలని అదే చట్టం 46వ సెక్షన్ చెప్తది. 21 ఏండ్ల దాంక, తప్పనిసరి అయితె 23 దాంక. మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేల రూపాయలు ఇయ్యొచ్చు. హైదరాబాద్‌ల ప్రైవేటు హాస్టల్ల ఒక మంచం కిరాయికే అవి సరిపోవుడు కష్టం. ఇంటర్ అయిపోయే వయసు, బాలసదనం ఇడిసిపెట్టే వయసు దాదాపు ఒక్కటే. దోస్త్‌ల ఆప్షన్లు పెట్టాల్సిన రోజులల్లనే పిల్ల బట్టల సంచి సర్దుకోవాలె. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది గదా అంటరు. ఉన్నది. దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలె, కులం సర్టిఫికెట్ కావాలె. ఎవరి ఆదాయం, ఎవరి కులం అని మీసేవ కౌంటర్ కాడ అడిగితె, తల్లిదండ్రులెవరో తెల్వని పిల్ల ఏం చెప్పాలె?

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. సాయాన్ని పుట్టినరోజుతోని కాకుంట కోర్సుతోని ముడిపెట్టాలె. డిగ్రీ అయిందాంక, మధ్యల ఒక ఏడు పోయినా సరే, ఆసరా ఆగొద్దు. కాయిదాలన్నీ పద్దెనిమిది నిండకముందే బాలసదనం సూపరింటెండెంటే పూర్తి చేసి పిల్ల చేతుల పెట్టాలె. ప్రతి సర్కారు కాలేజీ హాస్టల్ల దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి ఈ పిల్లల కోసం రెండు గదులు తెరిసి ఉండాలె. ఇంటర్ రెండో ఏడు నుంచి డిగ్రీ మొదటి ఏడు అయిందాంక ఒక్కో పిల్లకు ఒక్క మనిషిని, పేరు, ఫోన్ నంబర్‌తోని అప్పజెప్పాలె. సీటు పోయిన నాడు ఆ పిల్ల ఫోన్ చేయనీకి ఒకరుండాలె. ఇవి చేయనీకి కొత్త చట్టం గూడ అక్కెర్లేదు. 46వ సెక్షన్‌ను కాయిదం మీదికెళ్లి కిందికి దించితె సాలు.

కార్వర్ లాంటోళ్లు ఇయ్యాల గూడ మన బాలసదనాలల్ల ఉన్నరు. వాళ్లకు కష్టపడుమని ఎవ్వలూ చెప్పాల్సిన పని లేదు, పుట్టినకాడి నుంచి పడుతనే ఉన్నరు. వాళ్లు కొట్టినప్పుడు తలుపు తీయాల్సింది మనం.